మెగలోడాన్ పళ్ళ వేట



మన హాస్టల్లో చదివినవాళ్ళలో కోస్తా ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు సొరచేప కొత్త కాదు. సొరపిట్టు వాళ్ళ ఇళ్ళలో మామూలు వంట. బాలింతకు పాలు పడతాయని ప్రత్యేకంగా చేసి పెడతారు కూడా. పసుపు వేసి ఉడికించిన సొరను, తోలు ఒలిచి, చేత్తో పొడిపొడిగా చిదిమి, నీరు పిండేసి, ఉల్లిపాయా మిరపకాయా వేసి వేయిస్తారు. ఆ వంట చేసే తల్లిని అడిగి చూడండి. సొరకు మిగతా చేపల్లా గట్టి ముల్లు ఉండదు, పిల్లలకు నిర్భయంగా పెట్టొచ్చు అని చెబుతుంది.

ఆమె చెప్పినది నూటికి నూరుపాళ్ళు సైన్సు. సొరచేప శరీరంలో ఎముక అనేదే లేదు. దాని అస్థిపంజరం అంతా మృదులాస్థి. మన చెవి డొప్పలో, ముక్కు కొనలో ఉండే మెత్తటి పదార్థమే అది. చేప చచ్చి సముద్రం అడుక్కి చేరాక కొద్ది కాలంలోనే ఇది కుళ్ళి కలిసిపోతుంది. మిగిలేవి ఎక్కువగా పళ్ళే. అందుకే లక్షల ఏళ్ళ కిందట బతికిన సొరల గురించి ఈ రోజు మనకు తెలిసిన దానిలో చాలా భాగం పళ్ళు చెప్పినదే. అలాంటి పళ్ళలో అన్నిటికంటే పెద్దవి మెగలోడాన్ అనే మహా సొరవి. వాటిని వెతకడం, పోగు చేయడం, చదవడం ఎలాగో ఈ వ్యాసంలో రాస్తున్నాం.

రాస్తున్న మేము ముగ్గురం. వేర్వేరు సంవత్సరాల్లో ఈ హాస్టల్లోనే చదువుకున్నాం. ఒకరం అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాం, ఒకరం కాకినాడలో, ఒకరం హైదరాబాదులో ఉన్నాం. ఈ వార్షికోత్సవానికి హాస్టల్‌కు ఒక చిన్న పెట్టె ఇస్తున్నాం. అందులో ఏడు శిలాజ దంతాలు ఉన్నాయి. ఊరికే పెట్టె ఇచ్చి ఊరుకుంటే అద్దం వెనక దుమ్ము పట్టి పోతుంది, దాని గురించి నాలుగు మాటలు రాయండి అని వార్డెన్ గారు అన్నారు. అదీ ఈ వ్యాసానికి కారణం.

ముందు ఆ జంతువు సంగతి. గ్రీకు భాషలో మెగలోడాన్ అంటే పెద్ద పన్ను అని అర్థం. లూయీ అగాసీ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త 1843లో ఈ పేరు పెట్టాడు. ఆయన చేతిలోనూ ఉన్నవి పళ్ళే. ఇప్పుడు దాని పూర్తి పేరు ఓటోడస్ మెగలోడాన్ అని ఎక్కువమంది శాస్త్రవేత్తలు రాస్తున్నారు. దాదాపు 2 కోట్ల 30 లక్షల ఏళ్ళ కిందట పుట్టి, సుమారు 36 లక్షల ఏళ్ళ కిందట అంతరించిపోయింది. అంటే రాక్షసబల్లుల కాలానికి చాలా తర్వాతిది, మనిషి పుట్టుకకు ముందుది. తిమింగలాలను కూడా వేటాడింది. దాని పంటి గాట్లు పడిన తిమింగలం ఎముకలు దొరికాయి. ఇప్పుడు సముద్రాల్లో ఉన్న పెద్ద తెల్ల సొర పన్ను ఆరేడు సెంటీమీటర్లకు మించదు. మెగలోడాన్ పళ్ళలో అతి పెద్దవి 18 సెంటీమీటర్ల దాకా ఉన్నాయి. మీ నాన్నగారి అరచేతిని మణికట్టు నుంచి నడిమి వేలి కొస దాకా కొలవండి, ఇంచుమించు అంత.

ఒక్కో జంతువు ఎన్ని పళ్ళు వదిలి వెళ్ళిందో తెలిస్తే, ఇన్ని కోట్ల ఏళ్ళ తర్వాత కూడా ఎందుకు దొరుకుతున్నాయో అర్థమవుతుంది. మనకు పాలపళ్ళు ఊడాక ఒక్కసారే కొత్తవి వస్తాయి. సొరకు అలా కాదు. ముందు వరుస వెనక ఇంకో వరుస, దాని వెనక మరొకటి, బస్సు కోసం నిలబడ్డ జనంలా తయారుగా ఉంటాయి. ముందుది ఊడితే వెనకది జరిగి ముందుకు వస్తుంది. మెగలోడాన్ నోట్లో ఒకేసారి రెండువందల డెబ్బైకి పైగా పళ్ళు ఉండేవని అంచనా. జీవితకాలంలో వేల పళ్ళు ఊడిపోయేవి. ఊడినవి సముద్రపు అడుగు బురదలో దిగబడేవి.

బురదలో దిగబడ్డ పన్ను రాయిగా మారడం ఒక రోజు పని కాదు. గాలి తగలని బురద దాన్ని కప్పేస్తుంది కాబట్టి త్వరగా కుళ్ళదు. తర్వాత ఖనిజాలు కరిగిన నీరు దానిలోని సన్నటి రంధ్రాల్లోకి చేరి, అక్కడ గట్టిపడుతుంది. సొర పంటి పైపొర ముందే చాలా గట్టిది. ఫ్లోరైడ్ కలిసిన ఖనిజంతో తయారైంది. ఫ్లోరైడ్ అనగానే మనకు నల్గొండ బావులూ, గారపట్టిన పళ్ళూ గుర్తుకొస్తాయి. మనిషికి మోతాదు మించితే చెరుపు చేసేదే సొరకు కవచం అయింది. శిలాజ దంతం రంగు కూడా ఆ నీటి పుణ్యమే. ఫాస్ఫేట్ ఎక్కువున్న మట్టిలో నల్లగా, ఇనుము ఉన్నచోట గోధుమ రంగులో లేదా ఎర్రగా, మరికొన్ని చోట్ల బూడిద రంగులో వస్తాయి. కొత్తగా చూసేవారు నల్లగా ఉంటే పాతది, తెల్లగా ఉంటే కొత్తది అనుకుంటారు. రంగు వయసు చెప్పదు, ఏ మట్టిలో పడుకుందో మాత్రమే చెబుతుంది.

ఇవి పళ్ళే అని తెలుసుకోవడానికి మనుషులకు వందల ఏళ్ళు పట్టింది. రోమన్ రచయిత ప్లినీ వీటిని నాలుక రాళ్ళు అన్నాడు. చంద్రగ్రహణం వేళ ఆకాశం నుంచి పడతాయని రాశాడు. మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో ఇవి విరివిగా దొరికేవి. సెయింట్ పాల్ ఆ దీవిలోని పాములను శపిస్తే వాటి నాలుకలు రాళ్ళయ్యాయని అక్కడి నమ్మకం. విషానికి విరుగుడని రాజులూ ప్రభువులూ వీటిని ద్రాక్షసారాయంలో ముంచి తాగేవారు. మనం నవ్వాల్సిన పని లేదు. మన గుళ్ళలో పూజలందుకునే సాలగ్రామం కూడా గండకీ నదిలో దొరికే శిలాజమే, ఒకనాటి సముద్రపు గవ్వ జీవి. రాయిలో ఒక ఆకారం కనిపిస్తే మనిషి దానికి ఒక కథ అల్లుకుంటాడు. కథను దాటి చూసినవాళ్ళు కొద్దిమందే.

అలా చూసినవాడు నికోలస్ స్టెనో. డెన్మార్క్ దేశస్థుడు, వైద్యం చదివినవాడు, అప్పటికి ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఉన్నాడు. 1666 అక్టోబరులో లివోర్నో దగ్గర జాలర్లు ఒక పెద్ద సొరను పట్టారు. దాని తలను కోసి పరిశీలించమని అక్కడి ప్రభువు ఫెర్డినాండో స్టెనోకు పంపించాడు. స్టెనో ఆ నోట్లోని పళ్ళు చూసి, నాలుక రాళ్ళతో పోల్చాడు. ఒకటే ఆకారం, ఒకటే అంచు. ఇవి సొర పళ్ళే అని ఇటలీకే చెందిన ఫాబియో కొలోనా 1616లోనే వాదించాడు. స్టెనో ఇంకో అడుగు వేశాడు. ఈ రాళ్ళు బండలోపలే పుట్టి పెరిగి ఉంటే, చెట్టు వేరు గోడను పగలగొట్టినట్టు చుట్టూ ఉన్న బండను పగలగొట్టి ఉండాలి, అలా లేదు. కాబట్టి పళ్ళు పడినప్పుడు ఆ బండ ఇంకా మెత్తటి బురద. బురద పొరలు పొరలుగా పేరుకుంది, కింది పొర ముందుది, పై పొర తర్వాతది. 1667లో సొర తల గురించి, 1669లో పొరల గురించి ఆయన అచ్చు వేసిన మాటలే ఈ రోజు తొమ్మిది, పది తరగతుల పిల్లలు చదివే భూగర్భశాస్త్రానికి పునాది. ఒక పంటిని శ్రద్ధగా చూడడం దగ్గర మొదలైన శాస్త్రం అది.

ఇక వేట సంగతికి వద్దాం. మెగలోడాన్ దాదాపు అన్ని వెచ్చటి సముద్రాల్లోనూ తిరిగింది కాబట్టి పళ్ళు చాలా దేశాల్లో దొరుకుతాయి. కానీ సామాన్యులు సెలవురోజున వెళ్ళి వెతుక్కునే అలవాటు బాగా పెరిగింది అమెరికా తూర్పు తీరంలో. ఒకప్పుడు సముద్రం కింద ఉన్న ఆ నేల ఇప్పుడు నదీ తీరాలుగా, కొండచరియలుగా బయటపడింది. మేరీలాండ్‌లో చెసపీక్ అఖాతం ఒడ్డున కాల్వర్ట్ క్లిఫ్స్ అని ఎత్తైన మట్టి చరియలు ఉన్నాయి. కోటి నుంచి రెండు కోట్ల ఏళ్ళ నాటి పొరలు అవి. తుఫాను వచ్చి వెళ్ళిన మర్నాడు చరియ నుంచి రాలిన పళ్ళు ఇసుకలో కనిపిస్తాయి. అడవిలోంచి మూడు కిలోమీటర్లు నడిచి వెళ్ళాలి, చేతికి దొరికింది ఏరుకోవచ్చు. చరియను మాత్రం తవ్వకూడదు, దాని కిందకు కూడా వెళ్ళకూడదు. మట్టి పెళ్ళలు విరిగిపడి ప్రాణాలు పోయిన చోటు అది. ఫ్లోరిడాలోని పీస్ నదిలో నడుములోతు నీళ్ళలో నిలబడి, పారతో అడుగు కంకరను తీసి జల్లెడలో వేసి ఊపుతారు. ఆ నదిలో మొసళ్ళ జాతి ఎలిగేటర్లు ఉంటాయి, అది వేరే సంగతి. వెన్నెముక ఉన్న జంతువుల శిలాజాలు ఏరాలంటే ఫ్లోరిడాలో అనుమతిపత్రం కావాలి. సొర పళ్ళకు మాత్రం మినహాయింపు ఇచ్చారు, అంత విరివిగా దొరుకుతాయి కాబట్టి.

పెద్దవి, అంచు చెడనివి కావాలంటే నీటి అడుక్కి వెళ్ళాలి. సౌత్ కరోలినాలోని కూపర్ నది నీరు టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. అడుగున చేయి చాపితే చేయి కనపడదు. ఆటుపోట్ల వల్ల ప్రవాహం బలంగా ఉంటుంది. గాలి సిలిండరు వీపుకు కట్టుకుని, తలకు దీపం పెట్టుకుని, చేతులతో తడుముకుంటూ వెతుకుతారు. ఇందుకు ఆ రాష్ట్రంలో లైసెన్సు కావాలి, ఏం దొరికిందో మూడు నెలలకొకసారి రాసి పంపాలి. నార్త్ కరోలినా తీరానికి పదుల కిలోమీటర్ల దూరంలో, సముద్రంలో ముప్ఫై మీటర్ల లోతున కూడా ఇలాంటి చోట్లు ఉన్నాయి. అంత లోతు నుంచి తొందరపడి పైకి వస్తే రక్తంలో నత్రజని బుడగలు కట్టి మనిషి చచ్చిపోవచ్చు. పెద్ద పన్ను చూసిన ఆనందంలో గడియారం చూడడం మర్చిపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మాలో ఎవరమూ అటువైపు వెళ్ళలేదు, వెళ్ళే ఆలోచనా లేదు.

మేము వెళ్ళింది ఆరోరాకు. నార్త్ కరోలినాలో చిన్న ఊరు. రాలీ నగరం నుంచి కారులో రెండున్నర గంటలు. ఊరికి దగ్గర్లో పెద్ద ఫాస్ఫేట్ గని ఉంది. మన రైతులు వేసే డీఏపీ లాంటి ఎరువులకు మూలం ఫాస్ఫేటే. ఆ ఫాస్ఫేట్ ఉన్న పొర ఒకప్పటి సముద్రపు అడుగు కాబట్టి, తవ్విన కొద్దీ సొర పళ్ళు, తిమింగలం ఎముకలు వస్తాయి. ఊళ్ళో ఒక శిలాజాల మ్యూజియం ఉంది, లోపలికి వెళ్ళడానికి టికెట్టు లేదు. దాని ఎదురుగా రోడ్డు అవతల గని మట్టిని కుప్పలు పోసి ఉంచుతారు. ఎవరైనా వచ్చి వెతుక్కోవచ్చు, దొరికింది ఇంటికి తీసుకెళ్ళొచ్చు. మాలో అమెరికాలో ఉన్నవాళ్ళం 2019 మార్చిలో కుటుంబంతో వెళ్ళాం. పారా అక్కర్లేదు, గునపం అక్కర్లేదు. వంటింటి జల్లెడ ఒకటి, చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి చాలు. గోధుమ రంగు ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్న పిల్లలు, తాతలు, చక్రాల కుర్చీలో వచ్చిన ఒక పెద్దావిడ, అందరూ తల వంచుకుని ఒకే పని మీద ఉన్నారు. మొదటి అరగంట మాకు ఒక్కటీ కనిపించలేదు. పక్కన ఉన్న ఒక పదేళ్ళ పిల్లవాడు వచ్చి, మీరు పన్ను కోసం చూడకండి, మెరుపు కోసం చూడండి అన్నాడు. నిజమే. ఎండ పడినప్పుడు పంటి పైపొర నూనె రాసినట్టు మెరుస్తుంది, గులకరాయి మెరవదు. ఆ తర్వాత మూడు గంటల్లో నలభైకి పైగా దొరికాయి. ఎక్కువ భాగం వేలి గోరంతవి. మెగలోడాన్‌ది ఒకే ఒక్క ముక్క, వేరు విరిగిపోయింది. గనిలో యంత్రాలు మట్టిని తవ్వి, నలిపి, గొట్టాల్లో పంపేటప్పుడు పెద్ద పళ్ళు నిలవవు. చిన్నవే తప్పించుకుంటాయి.

దొరికిన పన్ను ఏ సొరదో చెప్పడం నేర్చుకుంటే వచ్చేదే. మెగలోడాన్ పన్ను త్రికోణంగా, మందంగా ఉంటుంది. అంచు పొడుగునా వరి కోసే కొడవలికి ఉన్నట్టు సన్నటి పళ్ళు ఒకే తీరుగా ఉంటాయి, వేలితో నెమ్మదిగా రాస్తే తెలుస్తుంది. మెరిసే పై భాగానికీ గరుకుగా ఉండే వేరుకూ మధ్యన రెక్కలు చాపిన పక్షి ఆకారంలో నల్లటి పట్టీ ఒకటి ఉంటుంది. పెద్ద తెల్ల సొర పంటికి ఆ పట్టీ ఉండదు, మందమూ తక్కువ. కొలిచేటప్పుడు కొస నుంచి వేరు మూల దాకా పొడవైన పక్కను కొలుస్తారు, నిలువుగా కాదు.

సేకరించేవాళ్ళలో ఒక లెక్క ప్రచారంలో ఉంది. పన్ను ఒక అంగుళం ఉంటే సొర పది అడుగులు ఉంటుందని. ఆరంగుళాల పన్నైతే అరవై అడుగులు. చెప్పుకోవడానికి బాగుంది కానీ శాస్త్రవేత్తలు దీన్ని నమ్మరు. మన నోట్లోనే చూసుకోండి, ముందు పన్నూ దవడ పన్నూ ఒక్క కొలతా? సొర నోట్లో కూడా ముందువి పెద్దవి, పక్కకు పోయిన కొద్దీ చిన్నవి. ఏ స్థానంలోదో తెలియకుండా పంటిని బట్టి ఒళ్ళు కొలవలేం. ఈ పొరపాటు పెద్ద చోటే జరిగింది. 1909లో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో మెగలోడాన్ దవడను పునర్నిర్మించారు. నోటి పొడుగునా ఇంచుమించు ఒకే సైజు పెద్ద పళ్ళు గుచ్చారు. మనుషులు అందులో కూర్చుని ఫోటో దిగారు. ఆ లెక్కన సొర 30 మీటర్లు ఉండాలి. 1973లో జాన్ రాండాల్ అనే శాస్త్రవేత్త దాన్ని 13 మీటర్లకు దించాడు. 1980లలో జపాన్‌లోని సైతామాలో ఒకే సొరకు చెందిన డెబ్బైకి పైగా పళ్ళు ఒకే చోట బయటపడ్డాకే, ఏ పన్ను ఎక్కడ ఉండేదో మరింత స్పష్టంగా తెలిసింది. బెల్జియంలో, డెన్మార్క్‌లో దొరికిన కొన్ని వెన్నుపూసలు మరో ఆధారం. వాటి సాయంతో 2025లో కెన్షు షిమాడా బృందం చేసిన అధ్యయనం, పొడవు 24 మీటర్ల దాకా ఉండవచ్చనీ, ఇంతకాలం బొమ్మల్లో గీసినట్టు బండగా కాక సన్నగా పొడుగ్గా ఉండేదనీ అంది. రేపు ఇంకో వెన్నుపూస దొరికితే ఇదీ మారవచ్చు. మొత్తం అస్థిపంజరం ఎవరికీ ఇంతవరకు దొరకలేదు మరి.

ఇక్కడే మేము అసలు చెప్పదలచుకున్న మాట ఉంది. పన్ను కంటే దానితో ఉండే చీటీ విలువైనది. ఏ ఊరు, ఏ ఒడ్డు, ఏ పొర, ఏ తేదీ, ఎవరు తీశారు. హాస్టల్లో చేరిన రోజున మన రేకు పెట్టె మీద పేరు, తరగతి, ఊరు తెల్ల రంగుతో రాయించుకునేవాళ్ళం గుర్తుందా? పేరు లేని పెట్టె ఎవరిదైనా కావచ్చు. చీటీ లేని పన్నూ అంతే.

ఒక ఉదాహరణ చెబుతాం. పనామా దేశంలో గాటూన్ అనే పొరలో మెగలోడాన్ పళ్ళు దొరుకుతాయి, కానీ చాలావరకు చిన్నవి. అమ్మేవాడి కంటికి అవి పనికిరానివి. కటలినా పిమియెంటో అనే శాస్త్రవేత్త, ఆమె తోటివారూ అక్కడి 28 పళ్ళను తీసుకుని, వేరే చోట్ల దొరికిన పెద్ద సొరల పళ్ళతోనూ పిల్ల సొరల పళ్ళతోనూ పోల్చారు. గాటూన్ పళ్ళు ఎక్కువగా పిల్లలవేనని తేలింది. కోటి ఏళ్ళ కిందట ఆ లోతులేని వెచ్చటి సముద్రం మెగలోడాన్ పిల్లలు పెరిగే చోటు అని 2010లో ప్రకటించారు. ఆ చిన్న పళ్ళు ఎక్కడివో రాసిపెట్టకుండా వేరే ఊళ్ళ పళ్ళతో కలిపి ఒక సంచీలో పోసి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. 2023లో ఇంకో బృందం పంటి పైపొరలోని కర్బన, ఆమ్లజని పరమాణువులను కొలిచి, మెగలోడాన్ ఒళ్ళు చుట్టూ ఉన్న నీటికంటే దాదాపు 7 డిగ్రీలు వెచ్చగా ఉండేదని చెప్పింది. చుట్టూ ఉన్న నీరు ఎంత చల్లనో తెలియాలంటే పన్ను ఏ సముద్రానిదో, ఏ కాలానిదో ముందు తెలియాలి కదా.

ఆరోరా కుప్పల్లో ఎవరినైనా ఏరుకోనివ్వడానికి కారణం కూడా ఇదే. అక్కడి మట్టి ఒకసారి గనిలో తవ్వి, కలగలిసిపోయి వచ్చింది. ఏ పన్ను ఏ పొరదో ఇక చెప్పలేం. శాస్త్రానికి దాని ఉపయోగం అప్పటికే సగం పోయింది, పిల్లలకు ఇవ్వడం వల్ల నష్టం లేదు. అదే, చరియలో పొరలోనే కూరుకుని ఉన్న పన్ను కనిపిస్తే పీకకుండా మ్యూజియం వాళ్ళను పిలవాలి.

చీటీ సరిగా లేకపోతే ఎంత గందరగోళమో సముద్రం అడుగున దొరికిన పళ్ళ కథ చెబుతుంది. 1870లలో బ్రిటిష్ ఓడ ఛాలెంజర్ పసిఫిక్ సముద్రపు అడుగు నుంచి మెగలోడాన్ పళ్ళు తోడింది. వాటి మీద మాంగనీసు పొర పేరుకుని ఉంది. 1959లో ఒక శాస్త్రవేత్త ఆ పొర మందాన్ని బట్టి లెక్క వేసి, పళ్ళ వయసు 11 వేల నుంచి 24 వేల ఏళ్ళేనని రాశాడు. మాంగనీసు అన్నిచోట్లా ఒకే వేగంతో పేరుకోదు, కాబట్టి ఆ లెక్క నిలవలేదు. కానీ మెగలోడాన్ ఇంకా బతికే ఉందన్న పుకారుకు అది ఎరువైంది. 2013లో డిస్కవరీ ఛానల్ కల్పిత దృశ్యాలతో ఒక కార్యక్రమం వేస్తే చాలామంది నిజమనుకున్నారు. 2018లో హాలీవుడ్ సినిమా వచ్చింది. మన హాస్టల్ పిల్లలు కూడా ఫోన్లో ఆ వీడియోలు చూసి మమ్మల్ని అడుగుతున్నారు. లేదు తమ్ముళ్ళూ, బతికి లేదు. ఉంటే ప్రతి ఏటా వేల తాజా తెల్లటి పళ్ళు రాలుస్తూ ఉండాలి. ఒక్కటి కూడా దొరకలేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. చిన్న, విరిగిన పన్ను కొద్ది డాలర్లకే వస్తుంది. ఆరంగుళాలు దాటి, అంచు చెడనిది వేల డాలర్లు పలుకుతుంది. ఇండోనేషియాలో పశ్చిమ జావాలోని సురాడే ప్రాంతంలో పేద రైతులు లోతైన గోతులు తవ్వి ఈ పళ్ళు తీస్తున్నారు. గోతిలో దిగినవాడికీ, చివరకు అద్దాల బీరువాలో పెట్టుకునేవాడికీ మధ్య ఎన్ని చేతులు మారుతుందో, ఎవరికెంత దక్కుతుందో మన పల్లెల్లో పండిన పంట సంగతి తెలిసినవాళ్ళు ఊహించగలరు. డబ్బున్నచోట మోసమూ ఉంటుంది. విరిగిన వేరును లప్పంతో పూడ్చి రంగు వేస్తారు, రెండు పళ్ళ ముక్కలు అతికిస్తారు, పూర్తిగా రెసిన్‌తో పోత పోసినవీ అమ్ముతారు. పోత పోసినదానికి గాలి బుడగల గుంటలు కనిపిస్తాయి, బరువు తక్కువ, చేతికి చల్లగా తగలదు. దొంగతనాలూ జరుగుతున్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో నింగలూ ప్రాంతంలో, బండలోనే పొదిగి ఉన్న ఒక మెగలోడాన్ పన్నును అధికారులు చోటు చెప్పకుండా కాపాడుతూ వచ్చారు. 2018 మార్చిలో ఎవరో దాన్ని ఉలితో పెకిలించుకుపోయారు. దొంగ చేతిలో అది ఇప్పుడు వట్టి రాయి. ఎక్కడిదో చెబితే పట్టుబడతాడు కనుక, చీటీ రాయనే రాయడు.

మన దగ్గర మెగలోడాన్ పళ్ళు ఏరుకునే ఒడ్డు లేదు. కానీ సొర పళ్ళే లేవనుకోకండి. పాత ఆదిలాబాద్ జిల్లాలో, ప్రాణహిత గోదావరి లోయలో, మలేరి పొరల నుంచి మంచినీటి సొర పళ్ళు దొరికాయి. రాక్షసబల్లుల తొలినాళ్ళవి, ఇరవై కోట్ల ఏళ్ళ పైమాటే. రెండు కొసలు చీలి, చీమ కొరికినట్టుండే ఆ పళ్ళను 1980లో శాస్త్రవేత్త ఎస్.ఎల్. జైన్ వర్ణించారు. అదే లోయలోని కోట పొరల్లో దొరికిన మరో చిన్న సొరకు 1986లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన పి. యాదగిరి గారు లోంకిడియాన్ ఇండికస్ అని పేరు పెట్టారు. యామనపల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లికి కోటసారస్ అని పేరు పెట్టింది కూడా ఆయనే. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది, ఎక్స్‌కర్షన్‌కు వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. ఆ కొండంత బల్లితో పాటు అదే పొరల్లో అవ్వగింజంత పళ్ళు కూడా దొరుకుతాయి. మట్టిని నానబెట్టి, సన్నటి జల్లెడ పట్టి, మిగిలినదాన్ని సూక్ష్మదర్శిని కింద గింజ గింజా చూస్తేనే కనిపిస్తాయి. ఆ ప్రాంతం నుంచి మన హాస్టల్‌కు వచ్చే పిల్లలు ఎవరైనా పొలంలో, వాగులో వింత రాయి చూస్తే పగలగొట్టకండి, అమ్మకండి. ఎక్కడ ఉన్నదో రాసుకుని, ఫోటో తీసి, సైన్సు సారుకు చూపించండి. హైదరాబాదు బండ్లగూడలో జియలాజికల్ సర్వే కార్యాలయం ఉంది, సారు ద్వారా అక్కడికి రాయవచ్చు.

ఇక పెట్టె విషయం. ఒకటి నుంచి నాలుగు సంఖ్యలవి ఆరోరా కుప్పలవి. మెగలోడాన్ ముక్క, మాకో సొర, నిమ్మ సొర, పులి సొర పళ్ళు. చీటీల మీద తేదీ ఉంది, పొర పేరు రాయవలసిన చోట ‘గని మట్టి, కలిసినది’ అని ఉంది. ఐదోది కాల్వర్ట్ ఒడ్డున ఏరిన హెమీప్రిస్టిస్ అనే సొరది, రంపంలా వంకర తిరిగి ఉంటుంది, మాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఆరోది మొరాకో దేశపు ఫాస్ఫేట్ గనులది, మెగలోడాన్‌కు పూర్వీకుల వంశానిది, కొన్నది. అమ్మినవాడు చెప్పినంతే రాశాం. ఏడోది నాలుగంగుళాల మెగలోడాన్ పన్ను, ఒక సహోద్యోగి ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చినది. పెట్టెలో అందమైనది అదే, మీరు మొదట చేయి వేసేదీ దాని మీదే. దానికి చీటీ లేదు, ఎక్కడిదో ఆయనకూ తెలియదు.

పెట్టె తాళం వార్డెన్ గారి దగ్గర ఉంటుంది. ఆదివారం పది గంటల నుంచి పన్నెండు దాకా తీసి చూడవచ్చు, చేతిలోకి తీసుకోవచ్చు. భూతద్దం కూడా లోపలే ఉంది. ఒకసారి ఒక్క పన్నే బయటకు తీయండి, దాని చీటీతో సహా. మళ్ళీ పెట్టేటప్పుడు సంఖ్య సరి చూసి పెట్టండి.